మావయ్యా, నలభై ఏడు హెడ్‌ఫోన్లూ

మా మావయ్య హెడ్‌ఫోన్స్ కొనడు. తొడుక్కుంటాడు.

కొనేముందు అందరూ తొడుక్కుని చూస్తారుగా అంటారేమో. అందరూ చూసేది ఒక్క నిమిషం. మా మావయ్య చూసేది గంట. చేతి గడియారం విప్పి ఎదురుగా పెట్టుకుని మరీ గంట. అలా పదకొండు నెలలు, ప్రతి శనివారం మధ్యాహ్నం, వారానికి ఒకటి చొప్పున, నేను పనిచేసే సంగీత వాయిద్యాల షాపులో నా కళ్ళెదుటే నా పరువు తీస్తూ తొడుక్కున్నాడు.

మావయ్యంటే మా అమ్మకు తమ్ముడు. మా షాపుకు రెండు వీధుల అవతల ముప్ఫై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్నాడు. ఆ దుకాణంలో కళ్ళజోడు చేయించుకున్నవాళ్ళను అడగండి, చెబుతారు. జోడు తయారయ్యాక డబ్బు తీసుకుని పంపించేయడు. "కొంచెం వంగండి. చెప్పులు సర్దుకోండి. ఇప్పుడు గట్టిగా నవ్వండి. నవ్వు రావట్లేదా? మీ ఆఫీసరును తలుచుకోండి," అంటాడు. తరవాత చెవి వెనక్కి వెళ్ళి, ఏదో పోయిన వస్తువు వెతుకుతున్నట్టు చూస్తాడు. అక్కడ ఎర్రగా చార కనిపించిందా, జోడు లాక్కుని, కాడను వెచ్చబెట్టి వెంట్రుకవాసి వంచి, మళ్ళీ మొదలు. ఒకాయన చదువుకునే జోడు కోసం వచ్చి, మావయ్య చెప్పినట్టల్లా వంగుతూ లేస్తూ నడుంనొప్పితో ఇంటికి వెళ్ళాడని చెప్పుకుంటారు. జోడు మాత్రం పదేళ్ళయినా చెవిని నొప్పించలేదట.

అలాంటి మనిషి ఒక శనివారం మా షాపులోకి వచ్చి, "చిట్టీ, హెడ్‌ఫోన్స్ చూపించవే. గిటార్ నేర్చుకుందామనుకుంటున్నా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్పాలి.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గిటార్ మా అత్తయ్యది. ఎరుపు రంగు ఎలక్ట్రిక్ గిటార్. అత్తయ్య పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే విభాగంలో పనిచేసేది, సాయంత్రాలు అక్కడి ఉద్యోగుల బ్యాండులో గిటార్ వాయించేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నా వేళ్ళు పట్టుకుని తీగల మీద పెట్టి మొట్టమొదటి కార్డ్, అంటే నాలుగైదు తీగలు ఒక్కసారే కలిసి పలికే స్వరం, పలికించింది ఆవిడే. నేను ఈ షాపులో ఉద్యోగం చేస్తున్నానంటే ఆ రోజు పుణ్యమే. అలాంటిది రెండేళ్ళ కిందట ఎడమ చెవికి ఏదో చిన్న ఆపరేషన్ అయింది, కోలుకుంది, లేచి తిరిగింది, కానీ గిటార్ మాత్రం మళ్ళీ ముట్టలేదు. ఎందుకు మానేశావని అడిగితే, "వేళ్ళు మొండికేశాయే," అని నవ్వేసింది. గిటార్ బీరువా పైకెక్కింది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూసి నా ప్రాణం ఉసూరుమనేది. ఏ ఒక్కసారైనా అత్తయ్య దాన్ని కిందికి దించితే చాలని నా ఆశ. ఇదిగో, ఇప్పుడు మావయ్య దాన్ని తన కోసం దించుతానంటున్నాడు. జీవితంలో ఒక్క పాట పూర్తిగా వినకుండా రెండో చరణంలో గురకపెట్టే మావయ్య!

"నీకు గిటారేమిటి మావయ్యా?"

"ఏం, నాకు వేళ్ళు లేవా?"

సరే, మొదటిది తెచ్చి ఇచ్చాను. అప్పుడు మొదలైంది అసలు తమాషా. మావయ్య జేబులోంచి ఒక కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. మావయ్యకు చూపు దివ్యంగా ఉంది. వీధి చివర వచ్చే బస్సు నంబరు ఇక్కడినుంచే చదువుతాడు. పైగా ఆ జోడు ఆడవాళ్ళది, వంకాయరంగు ఫ్రేము, అద్దాల్లేవు.

"అది అత్తయ్య పాత జోడు కదూ?"

"అవును. పారేయడం దేనికని."

తరవాత జేబులోంచి దూది తీసి, చిన్న ఉండ చేసి, ఎడమ చెవి వెనక పెట్టి, పైన ప్లాస్టరు అంటించుకున్నాడు.

"దెబ్బ తగిలిందా?"

"పరీక్ష. కష్టంలో ఉన్న చెవికి సుఖంగా ఉంటే, సుఖంగా ఉన్న చెవి సంగతి చెప్పక్కర్లేదు."

అప్పుడు కూడా నా బుర్రలో బల్బు వెలగలేదు. వెలిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, నా చేత పాటలు పెట్టించుకుని గడియారం చూసుకున్నాడు. బిస్కట్ నమిలాడు. ఆవలించాడు. వంగి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. ఎవరో జోకు చెప్పినట్టు పకపకా నవ్వాడు. లోపలికి రాబోతున్న దంపతులు గుమ్మంలోనే ఆగిపోయి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయారు. గంట పూర్తయ్యాక అద్దం ముందు నిలబడి చెవి వెనక చూసుకున్నాడు.

"ఇది కోపిష్టిది. పట్టుకుందంటే వదలదు. వద్దు."

ఆ తరవాత వారం ఇంకొకటి. "ఇది మంచిదే పాపం, కానీ ఊపిరాడనివ్వదు. చెవికి చెమట పట్టింది." ఆ తరవాత వారం మరొకటి. "ఇది వాగుడుకాయ. డప్పు మోత తప్ప ఇంకేం చెప్పనివ్వదు." ఒకదాన్నయితే తొడుక్కున్న పావుగంటకే తీసేసి, "దీనికి మనిషి తల ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదనుకుంటా," అన్నాడు.

ఒకసారి గంట మధ్యలో నిద్రపోయాడు. తల వాల్చేసి, నోరు తెరిచి, వంకాయరంగు జోడు ముక్కు చివరికి జారి. మా ఓనరుగారు చూసి హడలిపోయి మంచినీళ్ళు పట్టుకొచ్చారు. మావయ్య కళ్ళు తెరిచి, నీళ్ళు తాగి, గడియారం చూసి, "నిద్ర పట్టిందంటే నొప్పి లేదన్నమాట. మంచి మార్కులే. కానీ వైరు పొట్టి. మనిషి పక్కకు తిరిగితే గిటార్ సౌండు పెట్టె, అదే యాంప్, వెంట వచ్చేస్తుంది. వద్దు," అన్నాడు.

పాటల పరీక్ష అయ్యాక గిటార్ పరీక్ష. షాపులో ఉన్న గిటార్‌ను చిన్న యాంప్‌కు తగిలించి, యాంప్‌కు హెడ్‌ఫోన్స్ తగిలించి ఇవ్వాలి నేను. మావయ్యకు వచ్చింది ఒకే ఒక్క కార్డ్, రెండు వేళ్ళతో పట్టేది. దాన్నే టింగుమని వాయించి కళ్ళు మూసుకునేవాడు. మళ్ళీ టింగు. మళ్ళీ కళ్ళు మూత.

"లావు తీగ గదమాయిస్తోందే చిట్టీ. ఇంటిపెద్ద గొంతెత్తితే మిగతావాళ్ళు నోరు మూసుకున్నట్టుంది. సన్న తీగ కూడా తన మాట తను చెప్పుకోవాలి."

"కొంచెం సౌండు పెంచు మావయ్యా, అప్పుడు బాగా తెలుస్తుంది."

"వద్దు! రెండు దాటకూడదు."

యాంప్ మీద పదిదాకా అంకెలుంటాయి. మావయ్య రెండు దాటనిచ్చేవాడు కాదు. పొరపాటున మూడు మీద ఉంటే తేలు కుట్టినట్టు తీసేసేవాడు. రెండులో బాగా పలికేదే నిజంగా మంచిదని ఆయన సిద్ధాంతం. పదిలో ఎవడైనా అరుస్తాడట.

ఇవన్నీ ఒక ఎత్తు, చివరి పరీక్ష ఒక్కటీ ఒక ఎత్తు. హెడ్‌ఫోన్స్ నా తలకు తగిలించి, గిటార్ నా చేతికిచ్చి, "ఇప్పుడు నువ్వు వాయించు," అనేవాడు. తను ఒక కుర్చీ లాక్కుని రెండడుగుల దూరంలో కూర్చుని, పేపరు విప్పి, చెవి నావైపు రిక్కించేవాడు.

"ఏం వినిపిస్తోంది మావయ్యా?"

"ఏమీ వినిపించట్లేదే."

"వినిపించకూడదు మావయ్యా! హెడ్‌ఫోన్స్ ఉన్నదే అందుకు!"

"అలాగా," అని నిట్టూర్చి, పేపరు మడిచి, "ఇది కూడా వద్దులే," అనేవాడు.

కొనడానికి వచ్చినవాళ్ళకు ఆయన ఒక వినోదం అయిపోయాడు. మా ఓనరుగారికి మాత్రం గుండెల మీద కుంపటి. ఆయన మంచివాడే, కాకపోతే శుభ్రం ఎక్కువ. మావయ్య తొడిగి తీసిన ప్రతి హెడ్‌ఫోన్‌నూ బిస్కట్ పొడి దులిపి, మెత్తలు తుడిచి, పెట్టెలో పెట్టేసరికి ఆయనకు నీరసం వచ్చేది. నలభై ఆరోది తుడిచాక నన్ను పిలిచారు.

"అమ్మా, మీ మావయ్యగారంటే నాకు గౌరవమే. కానీ ఇన్నాళ్ళలో ఆయన ఈ షాపులో కొన్నది ఏమిటి?"

"ఒక పిక్ కొన్నారండీ. తీగలు మీటుకోవడానికి."

"అది నేను ఊరికే ఇచ్చాను. వచ్చే శనివారం కొంటే సరి. లేకపోతే ఆ కుర్చీ లోపల పెట్టించేస్తాను. నువ్వే చెప్పు."

చెప్పాను. ఎలా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పదకొండు నెలల చిరాకు ఒక్కసారిగా కక్కేశాను.

"కొనే ఉద్దేశం లేకపోతే రావద్దు మావయ్యా. నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నావు. అయినా నీకు గిటార్ ఎందుకు? అది అత్తయ్యది. ఆవిడ వాయించట్లేదని బాధ కూడా లేదా నీకు? దాన్ని దించి టింగు టింగుమని ఆవిడ ముందే కూర్చుంటావా?"

మావయ్య అద్దాల్లేని జోడు తీసి, అద్దాలున్నంత జాగ్రత్తగా తుడిచి, డబ్బాలో పెట్టుకున్నాడు. చెవి వెనక ప్లాస్టరు మెల్లగా పీకాడు.

"ఒక్క వారం ఓపిక పట్టమను చిట్టీ," అని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

శనివారం మధ్యాహ్నం ఠంచనుగా వచ్చాడు. ఆ ఉదయమే కొత్త సరుకు వచ్చింది. అందులో ఒక జత చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. బూడిదరంగు, గుడ్డ మెత్తలు, చెవుల మీద వచ్చే గిన్నెలకు వెనకవైపు జల్లెడలా చిల్లులు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. నలభై ఏడోది అదే.

జోడు, దూది, ప్లాస్టరు, గడియారం. బిస్కట్, ఆవలింత, లేసు, నవ్వు. ఓనరుగారు గల్లా దగ్గర గుడ్డ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. గంట గడిచింది. మావయ్య అద్దంలో చూసుకున్నాడు. చెవి పక్కకు లాగి మళ్ళీ చూసుకున్నాడు.

"చిట్టీ, ఇటు రా. ఏమైనా ఎర్రగా ఉందా?"

"లేదు మావయ్యా."

"దూది పక్కన?"

"అక్కడా లేదు."

రెండు మీద గిటార్ టింగుమనిపించాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరవలేదు. నిద్రపోయాడేమోనని దగ్గరికెళ్ళాను. "అన్నీ మాట్లాడుతున్నాయే. ఎవరి మాట వాళ్ళు చెబుతున్నారు," అన్నాడు మెల్లగా. తరవాత హెడ్‌ఫోన్స్ నా తలకు పెట్టి, కుర్చీ లాక్కుని, పేపరు విప్పాడు. నేను వాయించాను.

"వినిపిస్తోంది!" మావయ్య లేచి నిలబడ్డాడు. పేపరు కింద పడింది.

ఓనరుగారు పాపం నిజాయితీపరుడు. పరుగెత్తుకొచ్చారు. "సార్, ముందే చెప్పాలి మీకు. ఇది వెనక మూసి ఉండదు. అందుకే చెవికి బిగుతుండదు, శబ్దం సహజంగా ఉంటుంది. కాకపోతే లోపలి పాట బయటికి కారుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు కొంచెం వినిపిస్తుంది. అది చెడిపోవడం కాదు, తయారీయే అంత. మీకు ఇబ్బందనుకుంటే..."

"ఇదే ఇవ్వండి," అన్నాడు మావయ్య.

ఓనరుగారు చేతిలోని గుడ్డతో మొహం తుడుచుకున్నారు. పాపం, అది హెడ్‌ఫోన్స్ తుడిచే గుడ్డ.

మర్నాడు ఆదివారం. అన్న మాటలకు క్షమాపణ చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలో బల్ల దగ్గర అత్తయ్య చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎదుటి కుర్చీలో మావయ్య. ఒళ్ళో ఎర్ర గిటార్, తలకు బూడిదరంగు హెడ్‌ఫోన్స్, పక్కన యాంప్, అంకె రెండు మీద. నిన్నటినుంచీ ఇదే వరస అని అత్తయ్య మొహం చూస్తే తెలుస్తోంది.

టింగు.

మావయ్య కావాలనే ఆ కార్డులో ఒక వేలు పక్క తీగ మీద పెట్టాడు. నేను చూశాను. షాపులో ఒక్కసారి కూడా తప్పని వేలు అది.

టొంయ్.

అత్తయ్య చేతిలో చిక్కుడు ఆగింది. మళ్ళీ కదిలింది.

టొంయ్.

"ఆ వేలు కింది తీగ మీద," అంది అత్తయ్య తలెత్తకుండా.

"ఏమన్నావు? వినపడట్లేదు," అన్నాడు మావయ్య హెడ్‌ఫోన్స్‌లోంచి.

టొంయ్. టొంయ్. టొంయ్.

"అయ్యో రామా! నాకు వినపడుతోందండీ, పళ్ళు పులుస్తున్నాయి! ఇలా ఇవ్వండి!"

గిటార్ లాక్కుంది. లాక్కున్నాక దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు చూసింది. మావయ్య హెడ్‌ఫోన్స్ తీసి ఆవిడ ముందుకు చాపాడు.

"వద్దండీ. అవి నాకు..." అని ఆగిపోయింది.

"నీకు నొప్పి, నాకు తెలుసు. ఒక్క నిమిషం పెట్టుకో. నొప్పి పుడితే కిటికీలోంచి అవతల పారేస్తా."

అత్తయ్య నావైపు చూసింది, మావయ్య వైపు చూసింది. మెల్లగా పెట్టుకుంది. ఎడమ చేత్తో జుట్టు వెనక్కి తీసినప్పుడు చూశాను, చెవి వెనక ఆపరేషన్ మచ్చ. సరిగ్గా దూది ఉండ ఉండే చోట. ఆ మచ్చ మీదుగా వంకాయరంగు కళ్ళజోడు కాడ. పాత జోడుకు చెల్లెలిలాంటి కొత్త జోడు.

బల్బు అప్పుడు వెలిగింది. పదకొండు నెలలు ఆలస్యంగా.

తరవాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆపరేషన్ తరవాత యాంప్ మోత వింటే అత్తయ్యకు తలలో గంట కొట్టినట్టుండేదట. సౌండు బాగా తగ్గించుకుని హెడ్‌ఫోన్స్‌లో వాయించుకోవచ్చని డాక్టరు చెప్పాడు. కానీ ఏది పెట్టుకున్నా పది నిమిషాలకు మచ్చ దగ్గర సలుపు. చెబితే మావయ్య దిగులు పడతాడని నేరం వేళ్ళ మీదికి తోసేసి, గిటార్ బీరువా ఎక్కించింది. ఆ సంగతి ఎత్తొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. ముప్ఫై ఏళ్ళుగా జనం చెవుల వెనక చూస్తున్న మనిషి దగ్గర చెవి నొప్పి దాచిపెట్టాననుకుంది, అమాయకురాలు!

మావయ్య ఒట్టు తప్పలేదు. ఆవిడ గిటార్ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. తన గిటార్ సంగతి ఎత్తాడు. నొప్పి ఉన్న తలకు పదే పదే తొడిగి చూడటం ఇష్టంలేక, తన తలనే ఆవిడ తలగా మార్చుకున్నాడు. ఊళ్ళో అందరూ నవ్వుతుంటే వాళ్ళతో కలిసి తనూ నవ్వాడు, అది కూడా పరీక్షలో భాగమేనన్నట్టు. అందరిలోకీ ఎక్కువ విసుక్కున్నది నేనే. క్షమించమని అడిగితే, "నువ్వు తిట్టిన రోజు ఎంత సంతోషమేసిందో చిట్టీ. అత్తయ్య గిటార్ కోసం పోట్లాడేది నేనొక్కణ్ణే కాదనిపించింది," అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిక్కుళ్ళ గిన్నె తీసుకుని వంటింట్లోకి పారిపోయాను.

"ఎన్ని చూశారేమిటి?" అని ఆ రోజు అత్తయ్య అడిగింది.

"ఏవో ఒకటి రెండు," అన్నాడు మావయ్య.

నలభై ఏడు అని అరవబోయాను. మావయ్య కళ్ళురిమాడు. ఊరుకున్నాను.

ఆ తరవాతి శనివారం కూడా షాపుకు వచ్చాడు. ఓనరుగారి గుండె గుభేలుమంది. కానీ మావయ్య వచ్చింది ఒక జత మెత్తలు అదనంగా కొనుక్కోవడానికి. ఇప్పుడు మా షాపులో కళ్ళజోడు ఉన్నవాళ్ళెవరు హెడ్‌ఫోన్స్ కోసం వచ్చినా, ఓనరుగారు తానే మావయ్యకు ఫోను చేస్తారు. కుర్చీ దులిపించి బయట వేయిస్తారు. వచ్చినవాళ్ళ చేత మావయ్య బిస్కట్ తినిపించి, బూటు లేసులు కట్టించి, గట్టిగా నవ్విస్తాడు. బిస్కట్ ప్యాకెట్ ఖర్చు షాపుదే.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. అంత వెతికి వెతికి, పాట బయటికి కారేదాన్ని ఎందుకు పట్టుకున్నాడు? దానికంటే ముందు మెత్తనివి రెండు మూడు దొరికాయి. చెవి వెనక చార కూడా పడలేదు. వాటిని రెండడుగుల దూరంలో కూర్చుని మరీ వద్దన్నాడు. ఎన్నిసార్లు అడిగినా, "గాలి ఆడుతుందే," అని మాట దాటేశాడు.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాయిస్తోంది. గుమ్మం దగ్గర నాకు తీగల మీద వేళ్ళు కదిలే చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. మావయ్య అవతల కుర్చీలో పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెండో చరణానికే గురకపెట్టే మనిషి, మెడ ఒక పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి, చిల్లుల్లోంచి చీమంత సన్నగా కారుతున్న పాటను ఏరుకుంటున్నాడు.

నేను చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడిపోయాను.

అత్తయ్య కళ్ళు తెరవకుండానే అంది, "ఏమండీ, అంత దూరాన కూర్చుంటే ఏం వినపడుతుంది? కుర్చీ ఇటు జరుపుకోండి."

"నేను పేపరు చదువుకుంటున్నా," అన్నాడు మావయ్య.

"అరగంట నుంచీ అదే పేజీ. తిప్పిన చప్పుడే లేదు."

మావయ్య కుర్చీ జరుపుకున్నాడు.